సిక్స్త్ ఫామ్ కాలేజీకి టర్మ్ సంచికను ఎలా కూర్చాలి

ఇంగ్లండ్‌లో జీసీఎస్‌ఈ అనే స్కూలు చివరి పరీక్షలు ముగించిన పిల్లలు 16 ఏళ్ళ వయసులో చేరి, ఇయర్ 12, ఇయర్ 13 అనే రెండేళ్ళు చదివే చోట్లలో సిక్స్త్ ఫామ్ కాలేజీ ఒకటి. వయసు లెక్కన మన ఇంటర్మీడియట్‌కు దగ్గరగా కనిపించినా దీని నడక వేరు. సెకండరీ స్కూల్లో మొదటి ఏడాదిని ఫస్ట్ ఫామ్ అని లెక్కపెట్టిన కాలంలో, ఐదు ఫామ్‌లు దాటినవారు చదివే చివరి రెండేళ్ళను లోయర్ సిక్స్త్, అప్పర్ సిక్స్త్ అనేవారు. ఆ లెక్క పోయినా పేరు మిగిలింది. 1992 నాటి చట్టం ప్రకారం 1993 ఏప్రిల్ 1 నుంచి ఈ కాలేజీలు స్థానిక కౌన్సిళ్ళ అజమాయిషీ నుంచి బయటపడి, తమ పాలన తామే చూసుకునే సంస్థలయ్యాయి.

సంచిక కూర్చేవారు అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. ఈ కాలేజీలో విద్యార్థి ఉండేది సాధారణంగా రెండేళ్ళే. ప్రతి వేసవిలో దాదాపు సగం మంది వెళ్ళిపోతారు, ప్రతి సెప్టెంబరులో వేర్వేరు స్కూళ్ళ నుంచి వచ్చిన సగం మంది కొత్తగా చేరతారు. పదకొండో ఏట నుంచి ఒకే చోట పెరిగిన పిల్లలకు ఉండే చనువు వీరికి ఉండదు. అందుకే టర్మ్ చివర వెలువడే సంచిక బహుమతుల పట్టికగా మిగిలిపోకూడదని నా పట్టుదల. పక్క బల్ల మీద కూర్చున్నవారు ఎవరో, వారు ఏం చేస్తున్నారో ఆ పేజీలు చదివి తెలుసుకునే వీలుండాలి. కొన్నేళ్ళుగా ఈ పనిలో చేయి పెట్టిన అనుభవంతో, మొదటిసారి ఈ బాధ్యత తీసుకుంటున్న విద్యార్థులకూ, కాలేజీకి సాయపడాలనుకునే తల్లిదండ్రులకూ, ఉపాధ్యాయులకూ ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. ఉదాహరణకు సెప్టెంబరు నుంచి క్రిస్మస్ సెలవుల దాకా సాగే ఆటమ్ టర్మ్‌ను తీసుకుంటాను.

పని సెప్టెంబరులోనే మొదలుపెట్టండి

డిసెంబరు రెండో వారంలో అందరికీ ఈమెయిల్ పంపి ‘మీ విశేషాలు పంపండి’ అని అడిగితే, పంపేవారు ఎప్పుడూ ఆ నలుగురే. వారి విశేషాలతోనే సంచిక నిండిపోతుంది, మిగిలినవారు ఆ టర్మ్‌లో ఏమీ చేయలేదన్నట్టు కనిపిస్తుంది. దీనికి విరుగుడు ఒక మామూలు నోటు పుస్తకం. మొదటి వారం నుంచే ప్రతి శుక్రవారం ఒక ఇరవై నిమిషాలు కేటాయించి, ఒక్కో గ్రూపు విద్యార్థుల బాగోగులు చూసే ట్యూటర్లలో ఇద్దరు ముగ్గురిని కలిసి ఒకే ప్రశ్న అడగండి: ‘మీ గ్రూపులో ఎవరైనా కిందటి నెల చేయలేని పని ఈ వారం చేయగలిగారా?’ ‘విశేషాలేమైనా ఉన్నాయా’ అని అడిగితే కప్పులు, పతకాలు గుర్తుకొస్తాయి గాని, ఇలా అడిగితే మనుషులు గుర్తుకొస్తారు. సెప్టెంబరులో గ్రూపు ముందు నోరు విప్పని అబ్బాయి నవంబరులో ఓపెన్ ఈవినింగ్‌కు వచ్చిన కుటుంబాలను లాబ్‌లన్నీ తిప్పి చూపించాడని నాకు తెలిసింది ఆ ప్రశ్న వల్లనే.

నోటు పుస్తకం మొదటి పేజీలో టర్మ్ తేదీలు రాసుకోండి. మెడిసిన్, డెంటిస్ట్రీ, వెటర్నరీ కోర్సులకూ ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాలకూ యూకాస్ (విశ్వవిద్యాలయ దరఖాస్తులు తీసుకునే సంస్థ) దరఖాస్తు అక్టోబరు 15 సాయంత్రం 6 గంటలలోపు చేరాలి. అక్టోబరు చివర హాఫ్ టర్మ్ సెలవులుంటాయి. నవంబరులో జీసీఎస్‌ఈ ఇంగ్లిష్ లాంగ్వేజ్, గణితం రీసిట్ (మళ్ళీ రాసే) పరీక్షలు జరుగుతాయి, కాని వాటి ఫలితాలు జనవరిలోగాని రావు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ఇంటర్వ్యూలు డిసెంబరులో ఎక్కువగా జరుగుతాయి, సీటు సంగతి జనవరిలో తేలుతుంది. అంటే ఆటమ్ టర్మ్‌లో పడిన కష్టంలో సగానికి పైగా ఫలితం సంచిక అచ్చయ్యే నాటికి తెలిసి ఉండదు. ఈ విషయం ముందే తెలుసుకున్న కూర్పరి ఫలితం కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, పని జరుగుతున్నప్పుడే దాని గురించి రాస్తాడు.

దేన్ని సాధన అనాలి

కొన్ని సాధనలకు సర్టిఫికెట్ ఉంటుంది, వాటిని రాయడం తేలిక. అక్టోబరులో జరిగే సీనియర్ మ్యాథమెటికల్ ఛాలెంజ్ అలాంటిదే: 90 నిమిషాలు, 25 ప్రశ్నలు, మెరుగ్గా చేసినవారికి గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ సర్టిఫికెట్లు, ఇంకా పై మార్కులు వచ్చినవారికి సీనియర్ కంగారూగాని బ్రిటిష్ మ్యాథమెటికల్ ఒలింపియాడ్ మొదటి రౌండ్‌గాని రాసే అవకాశం. పేర్లూ, ఏ సర్టిఫికెట్ వచ్చిందో చెప్పి, వీలైతే ఒక ప్రశ్నను వారు ఎలా విడదీశారో రెండు వాక్యాల్లో చెప్పిస్తే సరిపోతుంది.

ఎక్స్‌టెండెడ్ ప్రాజెక్ట్ క్వాలిఫికేషన్‌కు, అందరూ ఈపీక్యూ అనేదానికి, మరికొంచెం చోటివ్వండి. విద్యార్థి తన విషయాన్ని తానే ఎంచుకొని సుమారు 5,000 పదాల వ్యాసం రాయడమో, ఒక వస్తువునో ప్రదర్శననో తయారుచేసి దాని వెనుక జరిగిన పనిని నివేదికగా రాయడమో ఇందులో ఉంటుంది. దీని విలువ ఏ లెవెల్‌లో (A Level, ఒక్కో సబ్జెక్టును రెండేళ్ళు చదివి రాసే ప్రధాన పరీక్ష) సగం. యూకాస్ లెక్కలో ఏ లెవెల్ ఏ స్టార్‌కు (A*, అన్నిటికంటే పై గ్రేడ్) 56 పాయింట్లయితే ఈపీక్యూ ఏ స్టార్‌కు 28. అయితే సంచిక చదివేవారికి ఆ 28 కంటే, ఆ విద్యార్థి మొదట ఏ ప్రశ్నతో బయలుదేరాడు, మధ్యలో దాన్ని ఎందుకు మార్చుకోవలసి వచ్చింది అన్నదే రుచిస్తుంది. ప్రశ్న మార్చుకోవడాన్ని పొరపాటుగా కాక పరిశోధనలో భాగంగా రాయండి.

డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో గోల్డ్ అవార్డు సంగతి వచ్చినప్పుడు జాగ్రత్త అవసరం. 1956లో మొదలైన ఈ పథకంలో గోల్డ్ స్థాయికి స్వచ్ఛంద సేవ, శారీరక శ్రమ, నైపుణ్యం, సాహసయాత్ర, ఇంటికి దూరంగా కొత్తవారితో కలిసి ఉండడం అనే ఐదు భాగాలున్నాయి. సేవ ఒక్కటే 12 నెలలు చేయాలి. సాహసయాత్ర నాలుగు పగళ్ళు, మూడు రాత్రులు. ఇది ఒక్క టర్మ్‌లో పూర్తయ్యే పని కాదు కనుక ‘గోల్డ్ సాధించారు’ అని తొందరపడి రాయవద్దు, ఏ భాగం ముగిసిందో ఆ మాటే రాయండి. టీ లెవెల్ (T Level, వృత్తి విద్య) కోర్సులున్న కాలేజీ అయితే, ఆ విద్యార్థులు ఆసుపత్రిలోనో నర్సరీలోనో ఐటీ ఆఫీసులోనో కనీసం 315 గంటల ఇండస్ట్రీ ప్లేస్‌మెంట్ చేయవలసి ఉంటుంది. తరచుగా కాలేజీ బయట ఉండే వీరిని సంచిక మరచిపోతుంది. ఒకరి ప్లేస్‌మెంట్‌లో ఒక ఉదయం ఎలా గడిచిందో రాయించండి.

ఇక సర్టిఫికెట్ లేని సాధనల దగ్గరే కూర్పరి నిజాయితీ తేలుతుంది. ఆగస్టులో వెలువడిన ఏ లెవెల్ ఫలితాలను ఆటమ్ సంచికలో వేయడం చాలా కాలేజీల్లో ఆనవాయితీ, సాధారణంగా మూడు ఏ స్టార్లు తెచ్చుకున్నవారి ఫొటోలే పడతాయి. వారి కష్టాన్ని తక్కువ చేయనక్కరలేదు. కాని జీసీఎస్‌ఈలో (అక్కడ పై గ్రేడ్ 9) గ్రేడ్ 4లూ, 5లూ తెచ్చుకొని చేరిన అమ్మాయి రెండేళ్ళలో రెండు బీలు, ఒక సీ తెచ్చుకుంటే, ఆమె నడిచిన దూరం కొందరు ఏ స్టార్ విద్యార్థుల కంటే ఎక్కువ. చేరినప్పటి స్థాయి నుంచి ఎంత పైకి వచ్చారని చూసే ఈ లెక్కను కాలేజీలు వాల్యూ యాడెడ్ అంటాయి, డేటా చూసే సిబ్బందిని అడిగితే అలాంటివారు ఎవరో చెబుతారు. అయితే ఆమె పాత గ్రేడ్లను అచ్చువేయాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. చాలామంది వద్దంటారు, అప్పుడు ‘రెండేళ్ళలో ఎంతో ఎదిగింది’ వంటి పొడి మాట రాయకుండా, కెమిస్ట్రీ వర్క్‌షాప్‌కు ఏ రోజు వెళ్ళేది, ఏ పాఠం దగ్గర ఆగిపోయేది, దాన్ని ఎలా దాటింది అని రాయండి.

ఇంగ్లిష్‌లోనో గణితంలోనో పాసుగా లెక్కించే గ్రేడ్ 4 రానివారు 16 తరువాత కూడా ఆ చదువు కొనసాగించాలి. స్నేహితులంతా ఖాళీ గంటలో క్యాంటీన్‌లో కూర్చుంటే, రీసిట్ క్లాసుకు వెళ్ళి, అంతకుముందు తనను ఓడించిన పేపర్‌కే మళ్ళీ కూర్చోవడం చిన్న విషయం కాదు. నా మాట ఏమిటంటే ఆటమ్ సంచికలో రీసిట్ క్లాసు మీద కనీసం అర పేజీ ఉండాలి. పేర్లు లేకపోయినా ఫరవాలేదు.

ఒక విషయంలో మాత్రం గట్టిగా వద్దంటాను. అక్టోబరు 15న ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, మెడిసిన్ దరఖాస్తులు పంపినవారి పేర్లు సంచికలో వేయవద్దు. డిసెంబరులో అది గౌరవంగానే కనిపిస్తుంది. జనవరిలో సీటు రానివారికి అదే పేజీ ఇంట్లో, బంధువుల మధ్య, కాలేజీ కారిడార్లో ప్రశ్నగా మారుతుంది. దాని బదులు, ఆ దరఖాస్తుల వెనుక నడిచిన సామూహిక శ్రమను రాయండి: 2026 ప్రవేశాల నుంచి మూడు ప్రశ్నలుగా మారిన పర్సనల్ స్టేట్‌మెంట్‌ను (దరఖాస్తులో విద్యార్థి తన గురించి రాసుకునే భాగాన్ని) 4,000 అక్షరాలలోపు కుదించడానికి పడిన తంటాలు, ఆఖరి వారంలో రెఫరెన్సులు (సిఫారసు లేఖలు) రాస్తూ చీకటి పడేదాకా ఉండిపోయిన ట్యూటర్లు, తమకు దరఖాస్తు లేకపోయినా స్నేహితుడికి మాక్ ఇంటర్వ్యూ చేసిపెట్టిన విద్యార్థులు.

కాలేజీ జీవితాన్ని దగ్గర నుంచి చూడండి

‘ఫుడ్ బ్యాంక్ సేకరణకు అద్భుత స్పందన లభించింది’ అన్న వాక్యం ఏ కాలేజీ సంచికలోనైనా అతుకుతుంది, కనుక మీ సంచికకు అది అక్కరలేదు. అవసరమున్న కుటుంబాలకు ఉచితంగా ఇచ్చే ఆ తిండి సరుకుల సేకరణ జరుగుతున్న గదికి వెళ్ళి ఓ పావుగంట నిలబడండి. నేను వెళ్ళినప్పుడు ఇయర్ 12 అమ్మాయి ఒకతె నేల మీద కూర్చొని, ప్రతి డబ్బానూ తలకిందులు చేసి, దాని మీది తేదీని నల్ల మార్కర్‌తో పెద్ద అంకెల్లో మళ్ళీ రాస్తోంది. ‘వాళ్ళు వెతుక్కోనక్కరలేకుండా’ అంది. పక్కనే ఇద్దరు పాస్తా, బీన్స్, యూహెచ్‌టీ పాలు వేర్వేరు అట్టపెట్టెల్లోకి సర్దుతున్నారు. గడువు దాటిన సూపు డబ్బా ఒకటి వచ్చేసరికి దాన్ని పక్కన పెట్టి, ఎవరిచ్చారో చూడకుండా పెట్టె తిప్పేశారు. ఎన్ని కిలోలు వచ్చాయన్నది ఒక అంకెలో చెప్పవచ్చు, ఆ నల్ల మార్కర్ సంగతి మాత్రం చూసినవారే రాయగలరు.

నవంబరు 11న ఉదయం 11 గంటలకు మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి మరణించిన సైనికులను తలచుకుంటూ రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. ఇక్కడ కూడా ప్రసంగాన్ని ఎత్తి రాయడం కంటే, రద్దీగా ఉండే క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే యంత్రాన్ని ఆపేసిన క్షణాన్ని పట్టుకోవడం మేలు. అక్టోబరులో వచ్చే బ్లాక్ హిస్టరీ మంత్, దీపావళి, డిసెంబరు క్రిస్మస్ వేడుకలు, ప్రార్థన గది, ఎల్‌జీబీటీ సొసైటీ, డిబేటింగ్, వీటన్నిటికీ తలో పేరా పంచిపెట్టాలన్న ఒత్తిడి వస్తుంది. పంచిపెట్టవద్దు. ఆ టర్మ్‌లో నిజంగా ఏది ఊపిరి పోసుకుందో దానికి ఒక పూర్తి పేజీ ఇచ్చి, మిగిలినవి తేదీలతో ఒక్కో వరుసలో చెప్పండి. వచ్చే టర్మ్‌లో మరొకదాని వంతు వస్తుంది.

ఇంగ్లండ్‌లో 17 ఏళ్ళు నిండినవారు రక్తదానం చేయవచ్చు, 16 నిండితే కొన్ని స్టెమ్ సెల్ రిజిస్టర్లలో పేరు నమోదు చేసుకోవచ్చు. ఇయర్ 12లో పదిహేడో పుట్టినరోజు రాగానే మొదటిసారి రక్తం ఇచ్చి వచ్చినవారు ప్రతి కాలేజీలోనూ ఉంటారు, అడిగితే తప్ప చెప్పరు. అలాగే, ఇంట్లో జబ్బుపడిన అమ్మనో తమ్ముడినో చూసుకుంటూ చదువుకునే యంగ్ కేరర్లు ఉంటారు. వారి గురించి రాసేటప్పుడు పేరు, ఫొటో వద్దు, వారిని గుర్తుపట్టేలాంటి వివరం ఒక్కటీ వద్దు. వారి కోసం కాలేజీలో ఏ గది, ఏ సమయం, ఏ సిబ్బంది ఉన్నారో చెప్పండి, ఇంకా బయటపడని ఇంకో పిల్లవాడికి అది దారి చూపుతుంది. 16–19 బర్సరీ ఫండ్ (డబ్బుకు ఇబ్బందిపడే విద్యార్థులకిచ్చే సాయం), ఉచిత భోజనం కూడా అంతే: అర్హత ఎవరికి, ఎవరిని అడగాలి అన్నది ఒక చిన్న పెట్టెలో స్పష్టంగా వేయండి గాని, వాటిని అందుకుంటున్నవారిని ఎప్పుడూ ఉదాహరణగా చూపవద్దు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మొదట్లో కూర్చిన ఒక సంచికలో నాటకం గురించి రెండు పేజీలు రాసి, నటుల పేర్లన్నీ వేసి, దీపాలూ శబ్దమూ నడిపినవారిని, తెర మార్చినవారిని పూర్తిగా వదిలేశాను. సంచిక వచ్చిన రోజు ఆ దీపాలు చూసుకున్న కుర్రాడు లైబ్రరీలో ఒక ప్రతి తీసుకొని, ఆ రెండు పేజీలనూ మెల్లగా చివరి దాకా చదివి, మడత పడకుండా మళ్ళీ దొంతరలోనే పెట్టి వెళ్ళిపోయాడు. నాతో ఏమీ అనలేదు. అప్పటి నుంచి ప్రతి కార్యక్రమం తరువాత ‘అందరూ వెళ్ళిపోయాక ఎవరు ఉండిపోయారు?’ అని అడగకుండా ఆ పేజీ ముగించను. మీరూ అడగండి.

పేర్లు, అనుమతులు

పేరు తప్పుగా పడితే ఆ పిల్లవాడి సంతోషం సగం పోతుంది. కాలేజీ రికార్డులో ఉన్న పేరును కళ్ళు మూసుకొని ఎత్తి రాయవద్దు. మన తెలుగు పిల్లల పేర్ల దగ్గర ఈ చిక్కు మరీ ఎక్కువ. ఇంటిపేరు ముందు రాసే అలవాటు వల్ల, ఇంటిపేరే అసలు పేరుగా నమోదై, రెండేళ్ళూ ఉపాధ్యాయులు ఇంటిపేరుతోనే పిలిచిన సందర్భాలున్నాయి. ‘సంచికలో నీ పేరు ఎలా ఉండాలో నువ్వే రాసివ్వు’ అని ఒక చీటీ ఇస్తే నిమిషంలో తేలిపోతుంది.

ఫొటోల విషయంలో వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే యూకే జీడీపీఆర్ నియమాలు, 2018 డేటా ప్రొటెక్షన్ చట్టం వర్తిస్తాయి. ఈ వయసులో అనుమతి విద్యార్థి స్వయంగా ఇవ్వడం మామూలు. అమ్మానాన్నలు సరేనన్నా పిల్లవాడు వద్దంటే వేయకూడదు. అచ్చు సంచికకు, వెబ్‌సైట్‌కు, సోషల్ మీడియాకు అనుమతి విడివిడిగా అడగండి. చేరిన రోజు సంతకం చేసిన ఫారం ఉన్నా, ఆ ఫొటో చూపించి మళ్ళీ అడగడం మర్యాద. 18 నిండనివారు చట్టం దృష్టిలో ఇంకా పిల్లలే కనుక, ఫొటో ఉన్నచోట పూర్తి పేరు ఇవ్వకపోవడం మంచి పద్ధతి. మెడలో వేలాడే లాన్యార్డ్ మీద పేరు కనిపిస్తోందేమో, వెనుక బోర్డు మీద ఎవరిదైనా ఫోన్ నంబరు ఉందేమో ఫొటోను పెద్దది చేసి చూడండి. అచ్చుకు ముందు మొత్తం సంచికను సేఫ్‌గార్డింగ్ (విద్యార్థుల భద్రత) బాధ్యుల చేత ఒకసారి చదివించండి. ఇంట్లోని ప్రమాదం తప్పించుకొని ఈ ఊరికి వచ్చిన పిల్లలు ఎవరన్నది వారికి మాత్రమే తెలుస్తుంది.

వరుస, అచ్చు, మిగిలిన పేర్లు

మొదటి పేజీలో ఫలితాల పట్టిక వద్దు. ఆ టర్మ్‌లో కాలేజీ అంతా కలిసి పాలుపంచుకున్న ఒక సంగతితో మొదలుపెడితే, ప్రతి విద్యార్థికీ లోపలికి రావడానికి తలుపు తెరిచినట్టుంటుంది. ఫలితాలు మధ్యలో ఉన్నా వాటి విలువ తగ్గదు. వాక్యంలో కర్త విద్యార్థి అయి ఉండాలి: ‘కాలేజీకి గర్వకారణమైన విజయం లభించింది’ అనే బదులు ఎవరు, ఏం, ఎలా చేశారో చెప్పండి. విద్యార్థులే రాసిన పేజీల్లో వ్యాకరణం సరిచూడండి గాని, వారి మాట తీరును మాత్రం చెరపవద్దు. పన్నెండు పేజీలు దాటితే ఎవరూ చివరిదాకా రారు, ఎనిమిదైతే ఇంకా మంచిది.

పేజీలు అచ్చుకు వెళ్ళాక నోటు పుస్తకం మూసేయకండి. చివరి పేజీలో ఇంకా ఫలితం రానివారి జాబితా రాసుకోండి: రీసిట్ రాసినవారు, ఇంటర్వ్యూలకు వెళ్ళివచ్చినవారు, గోల్డ్ అవార్డులో సేవ భాగం ఇంకా మూడు నెలలు మిగిలినవారు, ఈ సంచికలో చోటు చాలక వదిలేసినవారు. జనవరి మొదటి శుక్రవారం ట్యూటర్ల దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ జాబితానే చేతిలో పట్టుకొని వెళ్ళండి.